రాజీ కాగితం ఎవరి చేతిలో ఉండాలి?

భర్త కొడుతున్నాడని పోలీసు స్టేషన్ మెట్లెక్కిన ఆడమనిషి చాలాసార్లు ముందుగా అడిగేది అతన్ని జైల్లో వెయ్యమని కాదు. ‘ఇంక నా మీద చెయ్యెత్తకుండా రాయించండి సార్’ అని. హిందువయినా, ముస్లిమయినా, క్రైస్తవురాలయినా అడిగేది ఇదే. సరూర్‌నగర్ మహిళా పోలీస్ స్టేషన్‌లో అయినా, పాతబస్తీ ఖాజీ దఫ్తర్‌లో అయినా, మసీదు కమిటీ సదర్ సాబ్ ఇంటి వరండాలో అయినా చివరికి ఒక కాగితం తయారవుతుంది. ‘ఇకపై కొట్టను, తిట్టను, తాగి రాను’ అని మగవాడు సంతకం పెడతాడు. ‘ఇకపై సర్దుకుపోతాను, చెప్పకుండా పుట్టింటికి పోను’ అని ఆమె సంతకం పెడుతుంది, లేదా వేలిముద్ర వేస్తుంది. పెద్దమనుషులు సాక్షులుగా దస్కత్తు చేస్తారు. చాయ్ తాగి లేస్తారు. ఆ రాత్రికి ఆమె మళ్ళీ అదే ఇంటికి పోతుంది.

ఆ కాగితం చరిత్ర గురించే ఈ వ్యాసం. అది మన చరిత్ర కూడా. తెలుగులో ఈ వ్యవహారానికి ఉన్న మాటలే చూడండి. ఫిర్యాదు, వకీలు, జామీను, ముచ్చలిక, దస్తావేజు, రాజీ. పారశీ, అరబ్బీ, తుర్కీ నోళ్ళ నుంచి కచేరీల మీదుగా వచ్చి తెలుగులో స్థిరపడినవి ఇవన్నీ. మనల్ని బయటివాళ్ళు అనేవాళ్ళు కూడా కోర్టుకెక్కాలంటే ఈ మాటలే వాడక తప్పదు. అయితే ఇందులో ఒక మాటకు పట్టిన గతి ఆలోచించదగ్గది. ఉర్దూ కచేరీలో రాజీనామా అంటే రెండు పక్షాలూ ఒప్పుకుని రాసుకున్న పత్రం. తెలుగులోకి వచ్చాక రాజీ అంటే ఒప్పందం, రాజీనామా అంటే ఉన్న పదవిని వదులుకోవడం అయ్యాయి. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి రెండర్థాలూ ఒకటయిపోయాయి. ఆమె రాజీపడ్డదంటే తన హక్కుకు రాజీనామా ఇచ్చిందనే లెక్క.

ఎందుకిట్లా అయింది? కొట్టనని రాయించుకోవడం మన సంప్రదాయంలో ఒకప్పుడు బలమున్న పనే. ఆ బలం ఎక్కడ పోయిందో వెతకాలి.

పెళ్ళికి ముందే రాసిన షరతులు

17వ శతాబ్దంలో, మొగల్ పాలన కింద ఉన్న సూరత్ రేవు పట్టణంలో రాసుకున్న నిఖానామాలు కొన్ని మిగిలాయి. చరిత్రకారిణి షిరీన్ మూస్వీ వాటిని పరిశీలించి రాశారు. వాటిలో మళ్ళీ మళ్ళీ కనిపించే షరతులు నాలుగు. ఈ భార్య ఉండగా ఇంకొక పెళ్ళి చేసుకోకూడదు. భార్యను కొట్టకూడదు. ఖర్చులకివ్వకుండా గడువుకు మించి ఇల్లు విడిచి పోకూడదు. బానిస స్త్రీని ఉంచుకోకూడదు. షరతు తప్పితే పెళ్ళి తెంచుకునే దారి భార్యకు తెరుచుకుంటుంది.

ఆ రోజుల్లో సూరత్ ఆడవాళ్ళంతా సుఖంగా బతికారని చెప్పడానికి ఇది ఎత్తడం లేదు. బానిస స్త్రీల ప్రస్తావనే ఆ సమాజం ఎట్లాంటిదో చెబుతుంది. కానీ ఆ కాగితం కట్టుబడి గమనించండి. అది దెబ్బలు తిన్నాక రాసింది కాదు, నిఖా రోజునే రాసింది. ‘మంచిగా చూసుకుంటాను’ అనే గాలిమాట దాంట్లో లేదు, కొట్టకూడదని సూటిగా ఉంది. తప్పితే ఏమవుతుందో కూడా అందులోనే ఉంది. అన్నింటికన్నా ముఖ్యం, షరతులన్నీ మగవాడి మీదే. ఆమె సర్దుకుపోవాలన్న వాక్యానికి అక్కడ చోటు లేదు.

దీనికి మూలం ఇస్లాంలో నిఖా ఒక ఒప్పందం కావడం. ఒప్పందం కాబట్టి షరతులు పెట్టుకోవచ్చు. ప్రవక్త మునిమనవరాలు, ఇమాం హుస్సేన్ కూతురు సకీనా తన పెళ్ళిలో భర్తకు షరతులు పెట్టిందని అరబ్బీ గ్రంథాలు చెబుతాయి. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో ‘తఫ్వీజ్’ ఉంది. ఫలానా తప్పు చేస్తే నాకు నేనే తలాఖ్ ఇచ్చుకుంటానని భార్య రాయించుకోవచ్చు. ఆ హక్కును భర్త ఆమెకు ముందే అప్పగించి ఉంచుతాడు.

ఖురాన్ నాలుగో సూరాలో 34వ ఆయతు చూపించి కొట్టే హక్కు మతమే ఇచ్చిందనే మగవాళ్ళు మనలో ఉన్నారు. ఆ ఆయతులోని మాటకు అర్థం ఏమిటన్న దానిమీద వ్యాఖ్యాతల మధ్య వాదం ఈనాటికీ తెగలేదు. అయినా వీళ్ళు దాని పక్కనే ఉన్న 35వ ఆయతును చదవరు. ఆలుమగల మధ్య చీలిక వచ్చేటట్టుంటే అతని వైపు నుంచి ఒకరిని, ఆమె వైపు నుంచి ఒకరిని మధ్యవర్తులుగా పెట్టమని అది చెబుతుంది. ప్రవక్త తన చేత్తో ఏ స్త్రీనీ కొట్టలేదని హజ్రత్ ఆయిషా చెప్పిన హదీసునూ వీళ్ళు తలుచుకోరు. ‘ఆమె వైపు నుంచి ఒకరు’ అన్న మాటను ఇవాళ్టి పంచాయితీల్లో ఎక్కడ వెతకాలి? ఆమె అన్న వస్తాడు. వచ్చి, ఇంట్లో ఇంకా ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళున్నాయని చెప్పి ఆమెను ఒప్పించి పోతాడు.

కోర్టులు ఏమన్నాయి

బ్రిటిష్ పాలనలో ఈ షరతులు కోర్టుల ముందుకొచ్చాయి. 1867లో మున్షీ బజ్లూర్ రహీం, షంసున్నీసా బేగం కేసులో ప్రీవీ కౌన్సిల్ రెండు మాటలు చెప్పింది. భార్య కాపురానికి రావాలని ముస్లిం భర్త కూడా కోర్టులో దావా వెయ్యవచ్చు అన్నది మొదటిది. ఆమె ప్రాణానికి భద్రత లేనంత క్రూరత్వం ఉంటే కోర్టు ఆమెను పంపదు అన్నది రెండోది. మగవాళ్ళు మొదటి మాటను గట్టిగా పట్టుకున్నారు. భార్యను కోర్టు ద్వారా ఇంటికి రప్పించుకునే ఆ దావా ఇంగ్లీషు చట్టం నుంచి మనకు దిగుమతి అయిందే.

1882లో కలకత్తా హైకోర్టు, పెళ్ళికి ముందు రాసుకున్న షరతు ప్రకారం భార్య తఫ్వీజ్ వాడుకుని విడిపోవడం చెల్లుతుందని ఒప్పుకుంది. 1912లో బొంబాయి హైకోర్టు, ముందు ముందు విడిగా ఉండవచ్చునని భార్యాభర్తలు రాసుకున్న ఒప్పందం ప్రజానీతికి విరుద్ధమని కొట్టేసింది. 1921లో అలహాబాదు హైకోర్టు, తగాదాలు వస్తే భార్యకు ఖర్చులు ఇస్తానని రాసిన ఒప్పందం మాత్రం చెల్లుతుందంది. కాగితంలో ఏం రాయాలి, ఎట్లా రాయాలి అన్నదాని మీదే ఆడమనిషి బతుకు ఆధారపడింది. ఆ రాత తెలిసిన వకీలు దొరికే ఇల్లు ఎన్ని? మిగతా ఆడవాళ్ళ కోసం 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భర్త అలవాటుగా కొట్టడం, కొట్టకపోయినా క్రూర ప్రవర్తనతో బతుకు దుర్భరం చెయ్యడం విడాకులకు కారణాలుగా అందులో ఉన్నాయి. శరీరం మీద గాయం లేకున్నా హింస హింసేనని ఆ చట్టం అంత ముందే ఒప్పుకుంది. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. ముస్లిం స్త్రీని ఉద్ధరించాలని బయల్దేరే మిత్రులు ఈ తేదీల తేడాను ఒకసారి చూసుకోవాలి.

ఆ చట్టంలోని ‘అలవాటుగా’ అన్న మాట మాత్రం చాలా కాలం ఆడవాళ్ళను వెంటాడింది. 2002లో కేంద్రం పార్లమెంటులో పెట్టిన గృహహింస బిల్లులో కూడా ‘అలవాటుగా కొట్టడం’ అనే ఉంది. ఎన్నిసార్లు కొడితే అలవాటు? మహిళా సంఘాలు ఇది అడిగి ఆ బిల్లును వ్యతిరేకించాయి.

మరి మన హైదరాబాద్‌లో సూరత్ షరతుల్లాంటివి ఎందుకు కనపడవు? ఇక్కడ ఖాజీ రాసే సియాహాలో పేర్లుంటాయి, మెహర్ ఉంటుంది, వకీలు, సాక్షుల దస్కత్తులుంటాయి. షరతులు రాయించే అలవాటు మాత్రం పోయింది. పెళ్ళి మాటలప్పుడు బేరమంతా జోడే కీ రఖం మీద, బండి మీద, ఫంక్షన్ హాలు మీద నడుస్తుంది. ‘కొట్టకూడదని రాయండి’ అని పిల్ల తండ్రి అంటే అపశకునం అంటారు, అవమానం అంటారు. మెహర్ ఎప్పుడో ఇచ్చేదిగా రాసుకుని, జోడే రఖం అప్పటికప్పుడు లెక్కపెట్టి తీసుకునే మగవాడికి అది అవమానంగా తోచదు. అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డు 2005లో భోపాల్‌లో నమూనా నిఖానామా తెచ్చింది. 2008లో లక్నోలో మహిళల పర్సనల్ లా బోర్డు తన నిఖానామాను వేరుగా తెచ్చింది. మగవాళ్ళ బోర్డు రాసిన దానితో తృప్తిపడలేకనే ఆడవాళ్ళు తమది రాసుకున్నారు. మన బస్తీల సియాహాల్లోకి వాటి గాలి పెద్దగా సోకలేదు.

స్టేషన్ మెట్లు

ఇంట్లో దెబ్బలు తిన్న ముస్లిం స్త్రీ పోలీసు స్టేషన్‌కు పోవడానికి ఎందుకు వెనకాడుతుందో లౌకిక మిత్రులు తెలుసుకోవాలి. మతం అడ్డమొస్తుందని వాళ్ళనుకుంటారు. అసలు సంగతి ఇంకా పెద్దది.

1978 మార్చి చివర్లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. ఆమె భర్త, రిక్షా తొక్కే అహ్మద్ హుస్సేన్, పోలీసు దెబ్బలకు చనిపోయాడు. ఊరు భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు, కాల్పులు జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది. 1981లో వాళ్ళు నిర్దోషులుగా బయటపడ్డారు. విచారణలో రమీజాబీకి అసలు సరైన పెళ్ళే జరగలేదని, ఆమె నడత మంచిది కాదని వాదించారు. నిఖా కాగితం ఆడదాన్ని కాపాడటానికి పనికి రాకపోయినా, ఆమెను చెడ్డదని ముద్ర వెయ్యడానికి పనికొచ్చింది. హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన లాంటి మహిళా సంఘాలు పుట్టి పెరిగింది ఆ రోజుల్లోనే.

తర్వాత 1983లో 498-ఎ వచ్చింది. భార్యను హింసించడం నేరమయింది. అదే ఏడాది కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు కుటుంబ సలహా కేంద్రాల పథకం మొదలుపెట్టింది. 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది. ముందు రాజీకి ప్రయత్నించడం ఆ కోర్టుల విధిగా పెట్టింది. శిక్షించే చట్టం ఒక చేత్తో, రాజీ చేసే యంత్రాంగం ఇంకో చేత్తో ఒక్కసారే వచ్చాయన్నమాట. స్టేషన్‌కు పోతే ‘కౌన్సెలింగ్’ అనడం అప్పటి నుంచి పెరిగి అలవాటయింది.

ఇక సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు చూడండి. కుతుబ్ షాహీల కాలపు చెరువు చుట్టూ నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చినవాళ్ళతో నిండిపోయిన కాలనీలు ఇవి. ఇక్కడి ముస్లిం స్త్రీకి పాతబస్తీలో ఉన్నట్టు చుట్టూ మనవాళ్ళ గల్లీ ఉండదు. పుట్టిల్లు ఎక్కడో జిల్లాలో ఉంటుంది. కిరాయికి ఇల్లు అడిగితే పేరు వినగానే ‘ఇచ్చేశామమ్మా’ అంటారు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ళ రోజున దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు దొరికింది. 2013 ఫిబ్రవరి 21న అక్కడే బాంబులు పేలి మనుషులు చచ్చిపోయారు. మక్కా మసీదు పేలుడు తర్వాత 2007లో పట్టుకుపోయిన ముస్లిం పిల్లల్లో చాలామంది కోర్టుల్లో నిర్దోషులుగా తేలారు. అప్పటికే వాళ్ళ వయసు, ఉద్యోగాలు, ఇళ్ళు పోయాయి. ఇదంతా చూసిన స్త్రీకి, మొగుడు ఎంత దుర్మార్గుడయినా, అతని పేరు స్టేషన్ పుస్తకంలో రాయించడానికి చెయ్యి వణుకుతుంది. ఆ పేరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందోనని భయం. ఆ భయాన్ని ఇంట్లో మగవాడు బాగా ఎరుగును. ‘పోలీసులకు అప్పజెప్తావా మనోళ్ళని?’ అని దాన్నే ఆమె మీద తిప్పుతాడు.

2019 చట్టం ఈ ముడిని ఇంకా బిగించింది. ఒక్కసారే మూడు తలాఖ్‌లు చెల్లవని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న తేల్చాక, చెప్పినవాడికి మూడేళ్ళ దాకా జైలు అని పార్లమెంటు చట్టం చేసింది. భర్తను జైల్లో పెడితే ఇంటి కిరాయి ఎవరు కడతారని అడిగిన ముస్లిం స్త్రీలకు జవాబు దొరకలేదు. ఆమెకు కావలసింది దెబ్బ ఆగడం, తలుపు మూసుకుని నిద్రపోగలగడం, పిల్లల ఫీజు అందడం. జైలుకూ మౌనానికీ మధ్యన ఉండే దారి ఆమెకు కావాలి.

నాలుగు రకాల కాగితాలు

ఆ దారి చట్టంలో ఉంది. కాని అన్ని కాగితాలూ ఒకటి కావు. ఇది తెలియకనే మన ఆడవాళ్ళు మోసపోతున్నారు.

మొదటిది స్టేషన్‌లోనో, మసీదు కమిటీ ముందో తెల్ల కాగితం మీద, స్టాంపు కాగితం మీద రాసుకునే రాజీ. అతను తప్పితే ఆ కాగితం అతన్ని ఏమీ చెయ్యదు. గతంలో కొట్టినట్టు ఒప్పుకున్నాడని రుజువుగా పనికి రావచ్చు, అంతే. పైగా ఆమె ‘కేసు వద్దు’ అని అందులో రాసి ఉంటే రేపు ఆమెకే అడ్డం తగులుతుంది.

రెండోది బైండోవర్. పాత నేర విచారణ స్మృతి 107వ సెక్షన్ కింద, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన సురక్షా సంహిత కింద, శాంతికి భంగం కలిగించనని ఏడాది దాకా పూచీకత్తు రాయించుకుంటారు. తహసీల్దారు ముందో, కమిషనరేట్ ప్రాంతమయితే ఆ అధికారాలున్న పోలీసు అధికారి ముందో ఇది జరుగుతుంది. తప్పితే చర్య ఉంటుంది. కాని ఇది వీధి శాంతి కోసం చేసిన ఏర్పాటు. ఇల్లు, ఖర్చులు, పిల్లలు దీనికి పట్టవు.

మూడోది లోక్ అదాలత్ తీర్పు. 1987 చట్టం ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. డబ్బు వసూలుకు బాగా పనికొస్తుంది. దెబ్బను ఆ రాత్రికే ఆపడానికి డిక్రీ అమలు దావా పనికి రాదు.

నాలుగోది 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు ఇచ్చే ఉత్తర్వు. 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన ఈ చట్టానికి మతం లేదు, ముస్లిం స్త్రీకి ఎంత హక్కో హిందూ స్త్రీకీ అంతే. ఖులా తీసుకుని విడిపోయాక కూడా, కాపురంలో ఉన్నప్పటి హింసకు ఈ చట్టం కింద అడగవచ్చునని సుప్రీంకోర్టు 2014లో ఒక ముస్లిం స్త్రీ కేసులోనే చెప్పింది. 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు, 19వ సెక్షన్ కింద నివాస ఉత్తర్వు ఇస్తారు. ఆమెను ఇంట్లోంచి వెళ్ళగొట్టవద్దని, లేదా ఆమెకు వేరే ఇల్లు చూసి కిరాయి కట్టమని అతన్ని ఆదేశించవచ్చు. పేరు చూసి ఇల్లివ్వని ఊళ్ళో ముస్లిం స్త్రీకి ఇది ఎంత పెద్ద హక్కో చెప్పనక్కర లేదు. హింస చెయ్యనని పూచీకత్తు రాయించే అధికారం కూడా 19వ సెక్షన్‌లోనే ఉంది. మన పాత ముచ్చలిక అక్కడ కోర్టు ముద్రతో తిరిగొచ్చింది. రక్షణ ఉత్తర్వు తప్పితే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ముందుగా జైలు లేదు. మాట తప్పితేనే జైలు.

ఈ చట్టం రాజీని కాదనదు. 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. దాని నియమాల్లో ఉన్న రెండు మాటలు మన పెద్దమనుషులందరికీ చదివి వినిపించాలి. ఆ హింసను మళ్ళీ చెయ్యనని, అవసరమయితే ఆమెను కలవను, ఫోను చెయ్యను అని అతను ముందు హామీ రాసివ్వాలన్నది ఒకటి. ‘ఎదురు మాట్లాడింది కాబట్టి కొట్టాను’ అని కొట్టడాన్ని సమర్థించుకునే వీలు కౌన్సెలింగ్‌లో అతనికి ఉండదన్నది రెండోది. మన పంచాయితీల్లో సగం పొద్దు గడిచేది ఆ సమర్థనతోనే గదా! ఒప్పందం కుదిరాక కూడా మేజిస్ట్రేటు ఇద్దరినీ విచారించి, తృప్తిపడ్డాకే, కారణాలు రాసి దాన్ని ఉత్తర్వుగా మారుస్తారు.

ఆంధ్రప్రదేశ్ చేసిన ఇంకొక మంచి పని కూడా చెప్పాలి. 498-ఎ కేసులో కోర్టు అనుమతితో రాజీపడే వీలు 2003లో రాష్ట్ర సవరణతో ఇచ్చారు. ఐతే రాజీ కోరిన రోజు నుంచి మూడు నెలలు గడవాలన్నారు. ఈలోగా ఎవరూ వెనక్కి తగ్గకపోతేనే కోర్టు ఒప్పుకోవాలి. అన్న వచ్చి ఏడ్చినంత మాత్రాన, అత్త కాళ్ళు పట్టుకున్నంత మాత్రాన అదే పూట ముగిసే రాజీని చట్టం నమ్మలేదు. ఆ సవరణ పాత స్మృతికి చేసింది. ఆ స్మృతే పోయింది. మూడు నెలలు ఆగి చూడాలన్న బుద్ధిని పోనివ్వకూడదు. 2013లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి పోయిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు కుటుంబ తగాదాలను మధ్యవర్తిత్వానికి పంపాలంది. తప్పు చేసినవాడు తప్పించుకోవడానికి దాన్ని వాడుకోనివ్వవద్దని కూడా అంది. ఇంగ్లండులో 1996 చట్టం కింద కోర్టులు ఇట్లాంటి హామీలు తీసుకుంటాయి. నిజంగా హింస జరిగి, ఉత్తర్వు అవసరమయిన చోట హామీతో సరిపెట్టవద్దని అక్కడి చట్టం చెబుతుంది.

అన్నదమ్ముల హింస

హింస మొగుడి నుంచే వస్తుందనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. 2022 మే 4 రాత్రి సరూర్‌నగర్ నడివీధిలో ఒక దళిత యువకుణ్ణి పొడిచి చంపారు. అతను చేసిన నేరం ఒక ముస్లిం అమ్మాయిని ప్రేమించి పెళ్ళాడటం. ఆమె కళ్ళముందే చంపారు. ఆమె అన్న, ఇంకొక బంధువు అరెస్టయ్యారు. ఆ పిల్ల భర్త ప్రాణం కోసం వేడుకున్నది తోడబుట్టినవాణ్ణే. దళితులతో భుజం కలపాలని రాసే మనం ఆ హత్య దగ్గర గొంతు తగ్గించడానికి వీల్లేదు. దీన్ని చూపించి జాతి మొత్తాన్నీ బోనెక్కించినవాళ్ళున్నారు. వాళ్ళకు జవాబు చెప్పే హక్కు మనకు రావాలంటే ముందు మన ఇంట్లో అన్నదమ్ముల చేతి కత్తి గురించి మాట్లాడాలి.

గృహహింస చట్టం అన్నకూ తండ్రికీ వర్తిస్తుంది. ఆమెకు సాయపడే బంధువుల మీద, ఇతరుల మీద హింస చెయ్యరాదని కూడా 18వ సెక్షన్ కింద ఆదేశించవచ్చు. ఇష్టపడి పెళ్ళాడినవాళ్ళకు రక్షణ కల్పించాలని సుప్రీంకోర్టు 2018 మార్చిలో రాష్ట్రాలను ఆదేశించింది. కాని పెద్దమనుషుల రాజీలో అన్న ఎప్పుడూ పెద్దమనిషే. ముద్దాయి స్థానంలో అతన్ని ఊహించుకోవడానికి మనకింకా మనసు రాదు.

ఇప్పుడేం చెయ్యాలి

తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో ఒక హైదరాబాద్ కేసులో, ఖులా ముస్లిం స్త్రీ హక్కు అనీ, భర్త ఒప్పుకోవాల్సిన పని లేదనీ చెప్పింది. ముఫ్తీ ఇచ్చే ఫత్వా సలహా మాత్రమేనంది. దారుల్ ఖజా తీర్పులకు చట్టబలం లేదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. అంటే మధ్యవర్తులకు పని లేదని కాదు. చట్టబలం లేని మధ్యవర్తి, బలం ఉన్నట్టు నటించకూడదని. అతను చెయ్యగల మంచిపని ఆమెను కోర్టు దాకా చెయ్యిపట్టి నడిపించడం. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్బీనగర్‌లోనే ఉన్నాయి. సరూర్‌నగర్ చెరువుకట్ట నుంచి ఎంతో దూరం లేదు. ఉచితంగా వకీలును పెట్టించే న్యాయ సేవాధికార సంస్థ కూడా అక్కడే ఉంది. అర్జీ వేసుకున్నాక మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా పడాలని చట్టంలో ఉంది. పడకపోతే అడగాలి.

రాజీ రాయాల్సి వస్తే ఎట్లా రాయాలి? ఏం చెయ్యకూడదో పేరుపెట్టి రాయాలి. కొట్టడం, బూతులు, తలాఖ్ బెదిరింపు, ఫోను లాక్కోవడం, బయట గొళ్ళెం పెట్టడం, ఒక్కొక్కటీ. ఇల్లెక్కడ, నెలకు ఎంత, ఏ తేదీన అన్నది రాయాలి. సియాహా నకలు, బంగారం, పిల్లల సర్టిఫికెట్లు ఎవరి దగ్గరుంటాయో రాయాలి. మూడు నెలలకు మళ్ళీ ఎప్పుడు, ఎవరి ముందు కూర్చోవాలో రాయాలి. ఆమె ‘సర్దుకుపోవాలి’ అన్న వాక్యం వస్తే కొట్టెయ్యాలి. కేసు వదులుకుంటున్నానన్న వాక్యం వస్తే పెన్ను కింద పెట్టి లేవాలి. మధ్యవర్తుల్లో ఆమె తరఫు మనిషిని ఆమే ఎంచుకోవాలి. ఆ మనిషి ఆడమనిషయితే ఇంకా మంచిది. ఇక కొత్త పెళ్ళిళ్ళలో, 17వ శతాబ్దపు సూరత్ తండ్రులకున్నపాటి ధైర్యం మన తండ్రులకు రావాలి. జోడే రఖం అడిగిన నోటిముందే షరతు చదవాలి.

వీటన్నిటి చివర ఒక్క పని మిగులుతుంది. రాసిన కాగితాన్ని పెద్దమనిషి బీరువాలోనో స్టేషన్ ఫైల్లోనో వదిలెయ్యకుండా మేజిస్ట్రేటు ముందు పెట్టి ఉత్తర్వు చేయించాలి. అసలు కోర్టులో ఉండాలి. ముద్రపడ్డ నకలు ఆమె దగ్గర ఉండాలి.